హెర్పిస్ పొక్కులు వస్తే ఏం చేయాలి: పరీక్ష నుంచి మాత్రల దాకా సమగ్ర మార్గదర్శి

పెదవి మీదో మర్మాంగం దగ్గరో నీటి పొక్కులు గుంపుగా లేస్తే చాలామంది నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుంటారు. మెడికల్ షాపులో ఏదో ఒక ట్యూబు కొని పూస్తారు. పుండు మానాక భయమేసి రక్తపరీక్షకు వెళ్తారు. ఈ వరుస అంతా తలకిందులు.

హెర్పిస్‌లో పరీక్ష పనికొచ్చేది మొదటి రెండు రోజుల్లో. మాత్ర బాగా పనిచేసేది మొదటి గంటల్లో. పుండు మానాక చేయించే రక్తపరీక్ష తేల్చేదానికన్నా తికమక పెట్టేదే ఎక్కువ. అందుకే కింద ఏది ముందు, ఏది తర్వాత అన్నదానికే ఎక్కువ చోటిచ్చాం.

ఇక్కడ రాసిన మోతాదులు మూత్రపిండాలు బాగా పనిచేస్తున్న పెద్దవాళ్లకు వాడేవి. డాక్టరుతో తెలిసి మాట్లాడటానికి ఇవి పనికొస్తాయి. చీటీ లేకుండా కొని మింగడానికి కాదు.

## 1. ముందు అది హెర్పిసేనా అని చూడటం

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ (హెచ్‌ఎస్‌వి) రెండు రకాలు. హెచ్‌ఎస్‌వి-1 ఎక్కువగా నోటి దగ్గర, హెచ్‌ఎస్‌వి-2 ఎక్కువగా మర్మాంగాల దగ్గర వస్తాయి. ఈ సరిహద్దు గట్టిది కాదు. పెదవి మీద పొక్కు ఉన్నవాళ్లతో ముఖరతి వల్ల 1వ రకం కిందికీ చేరుతుంది.

ప్రపంచంలో 50 ఏళ్ల లోపు వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి 1వ రకం ఉంది. చాలామందికి అది చిన్నప్పుడే, పెద్దవాళ్ల ముద్దుల వల్లే వచ్చి ఉంటుంది.

ఒకసారి ఒంట్లోకి వచ్చిన వైరస్ నరాల ముడుల్లో దాక్కుని ఉండిపోతుంది. పుండు మానుతుంది, వైరస్ పోదు. దాన్ని ఒంట్లోంచి పూర్తిగా తీసేసే మందు ఏ వైద్యంలోనూ ఇప్పటిదాకా లేదు. "40 రోజుల కోర్సుతో హెర్పిస్ మాయం" అనే ప్రకటనలకు డబ్బు పోయకండి.

హెర్పిస్ పొక్కు నడిచే దారి ఇలా ఉంటుంది:

- ముందు కొన్ని గంటలో, ఒక రోజో అక్కడ జివ్వుమనడం, మంట, దురద. మర్మాంగం దగ్గర వచ్చేవాళ్లకు పిరుదుల్లో, తొడల్లో నొప్పి లాగవచ్చు.
- ఎర్రబడిన చోట చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేవడం.
- ఒకటి రెండు రోజుల్లో అవి పగిలి, పైపై పుండ్లుగా మారడం. తడి తగిలితే భగ్గుమనే నొప్పి.
- పొడి చర్మం మీదైతే పక్కు కట్టడం. తేమ ఉండే చోట పక్కు కట్టకుండానే మానడం.

దీన్ని పోలినవి చాలా ఉన్నాయి.

నోటిపూత: బుగ్గ లోపల, నాలుక మీద తెల్లటి గుంట, చుట్టూ ఎర్రటి అంచు. ముందు పొక్కు ఉండదు. ఇది హెర్పిస్ కాదు, అంటదు.

నోటి మూలలు పగలడం: సాధారణంగా రెండు వైపులా వస్తుంది. ఫంగస్, ఇనుము లోపం, సరిగ్గా అమరని కట్టుడు పళ్లు కారణాలు.

సర్పి: నడుముకో ఛాతీకో ఒక పక్కనే పట్టీలా వస్తుంది. అది చికెన్‌పాక్స్ వైరస్ పని. హెర్పిస్‌కు వాడే ఎసైక్లోవిర్ మాత్రే దీనికీ వాడినా మోతాదు బాగా ఎక్కువ (800 మి.గ్రా. రోజుకు 5 సార్లు). ఒకరి చీటీ మరొకరికి పనికిరాదు.

గోరుచుట్టు: చీము పట్టిన గోరుచుట్టు వేరు, వేలి కొసన నీటి పొక్కులతో వచ్చే హెర్పిస్ వేరు. రెండోదాన్ని కోస్తే నయం కావడం ఆలస్యమవుతుంది, బ్యాక్టీరియా చేరుతుంది. వేలికి నిమ్మకాయ తొడగడం దీనికి మందు కాదు. పళ్ల డాక్టర్లు, నర్సులు, వేలు చప్పరించే పిల్లలు దీన్ని గుర్తుంచుకోవాలి.

సిఫిలిస్ పుండు: తరచుగా ఒకటే ఉంటుంది, అడుగు గట్టిగా ఉంటుంది, నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని వదిలేస్తే ప్రమాదం.

మందు పడక వచ్చే మచ్చ: దీన్ని హెర్పిస్ అనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగేవాళ్లుంటారు. ఏదో ఒక నొప్పి మాత్రో యాంటీబయాటిక్కో వేసుకున్న ప్రతిసారీ పెదవి మీదో మర్మాంగం మీదో సరిగ్గా అదే చోట పొక్కు లేస్తుంది, మానాక నల్లటి మచ్చ మిగులుతుంది. పొక్కుకు ముందు రెండు రోజుల్లో ఏ మాత్ర వేసుకున్నారో రాసి పెట్టుకుంటే గుట్టు బయటపడుతుంది.

## 2. ఆగకూడని పరిస్థితులు

కింది వాటిలో ఏది ఉన్నా మిగతా విభాగాలు చదవనక్కర్లేదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

- జ్వరం, తలనొప్పితో పాటు మనిషి తికమకగా మాట్లాడటం, ప్రవర్తన మారడం, మూర్ఛ రావడం. మెదడు వాపు కావచ్చు. అప్పుడు మాత్రలు సరిపోవు, ఎసైక్లోవిర్‌ను రక్తనాళం ద్వారా 14 నుంచి 21 రోజులు ఎక్కించాలి. గంటలు ఆలస్యమైనా నష్టమే.
- కన్ను ఎర్రబడి, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం, కంటి చుట్టూ పొక్కులు.
- నెలలోపు పసిబిడ్డకు జ్వరం, పాలు తాగకపోవడం, మగతగా ఉండటం. ఒంటి మీద పొక్కు లేకపోయినా సరే.
- మూత్రం బిగుసుకుపోవడం.
- తామర (ఎగ్జిమా) ఉన్న చర్మం మీద పొక్కులు ఒక్కసారిగా పాకిపోవడం, జ్వరం.
- కీమోథెరపీలో ఉన్నవాళ్లకు, అవయవ మార్పిడి అయినవాళ్లకు, చికిత్స లేని హెచ్‌ఐవి ఉన్నవాళ్లకు ఎక్కడ పొక్కులు వచ్చినా.

కన్ను గురించి ఇంకో మాట. కళ్లకలక అనుకుని షాపులో ఇచ్చే చుక్కల్లో చాలావాటికి డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నల్లగుడ్డు మీద హెర్పిస్ పుండు ఉంటే ఆ చుక్కలు దాన్ని లోతుకు తీసుకెళ్లి మచ్చ మిగులుస్తాయి, చూపు పోవచ్చు. సీసా మీది పేరులో "డెక్స్", "ప్రెడ్" ఉంటే కంటి డాక్టరు చూసేదాకా వేయకండి. కంటి హెర్పిస్ పదే పదే వచ్చేవాళ్లకు డాక్టర్లు ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు చొప్పున ఏడాది ఇస్తారు. అలా వాడినవాళ్లకు తిరగబెట్టడం దాదాపు సగం తగ్గిందని 1998లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది.

## 3. పరీక్ష: ఎప్పుడు, ఏది, ఎలా

పెదవి మీద ఎప్పుడూ వచ్చే పొక్కుకు పరీక్ష అక్కర్లేదు. చూస్తే తెలిసిపోతుంది. మర్మాంగం దగ్గర మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం తప్పకుండా చేయించాలి. ఏ రకమో తెలిస్తే ముందు ముందు ఎంత తరచుగా వస్తుందో అంచనా కడతారు. అక్కడ వచ్చిన 1వ రకం చాలామందిలో ఏడాదికి ఒకసారో, అసలు రాకుండానో పోతుంది. 2వ రకమైతే మొదటి ఏడాదిలో నాలుగుసార్లు రావడం మామూలే.

అంచె 1. పొక్కు కనిపించిన 48 గంటల్లోపు వెళ్లండి. పక్కు కట్టాక స్వాబ్‌లో (పుండు నుంచి దూది పుల్లతో తీసే నమూనాలో) వైరస్ దొరకడం కష్టం.

అంచె 2. వెళ్లే ముందు క్రీము, పౌడరు, డెటాల్, పసుపు ఏదీ రాయకండి. మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు.

అంచె 3. చర్మ, సుఖవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో, జిల్లా ఆస్పత్రుల్లో సురక్షా క్లినిక్‌లు ఉంటాయి, అక్కడ సలహా, చికిత్స ఉచితం. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097 జాతీయ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. గైనకాలజిస్టు దగ్గరైనా చూపించుకోవచ్చు.

అంచె 4. ఈ మాటలతోనే అడగండి: "పుండు నుంచి స్వాబ్ తీసి హెచ్‌ఎస్‌వి పీసీఆర్ చేయించండి, 1, 2 రకాలు విడిగా రావాలి." పీసీఆర్ అంటే నమూనాలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష. డాక్టరు పొక్కును తెరిచి అడుగుభాగాన్ని స్వాబ్‌తో రుద్దుతారు. కొన్ని క్షణాలు మండుతుంది. పైపైన తుడిచి తీసిన నమూనా సరిపోదు.

అంచె 5. అదే రోజు హెచ్‌ఐవి, సిఫిలిస్, హెపటైటిస్-బి రక్తపరీక్షలు కూడా ఇవ్వండి. పొక్కు హెర్పిసే అయినా పక్కన ఇంకొకటి ఉండవచ్చు. హెచ్‌ఎస్‌వి-2 ఉన్నవాళ్లకు హెచ్‌ఐవి అంటుకునే ప్రమాదం దాదాపు మూడింతలు ఎక్కువ.

అంచె 6. ఫలితం కోసం ఆగకుండా అదే రోజు మాత్రలు మొదలుపెట్టించుకోండి.

పీసీఆర్ లేని ఊళ్లలో జాంక్ స్మియర్ (పుండు అడుగు నుంచి గీకిన కణాలను సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష) చేస్తారు. చవక, త్వరగా అవుతుంది. అయితే అది 1, 2 రకాలను గానీ, సర్పిని గానీ విడదీయలేదు. నెగెటివ్ వచ్చినా హెర్పిస్ లేదని తేలినట్టు కాదు. ప్రభుత్వ క్లినిక్‌లలో ప్రయోగశాల లేకపోయినా లక్షణాలను బట్టి ఎర్ర కిట్టు ఇస్తారు. అందులో ఉండేది ఎసైక్లోవిర్ 400 మి.గ్రా., రోజుకు మూడుసార్లు, 7 రోజులకు. సిఫిలిస్ అనుమానం ఉంటే తెల్ల కిట్టు కూడా ఇస్తారు. రెండు కిట్లు ఎందుకిచ్చారని కంగారు పడనక్కర్లేదు.

### రక్తపరీక్ష కాగితం చేతికొస్తే

- ఐజీఎమ్ (వైరస్ మీద ఒళ్లు ముందుగా తయారుచేసే యాంటీబాడీ) పాజిటివ్: దీన్ని పట్టించుకోకండి. కొత్తగా సోకిందని ఇది చెప్పలేదు. పాత ఇన్ఫెక్షన్ తిరగబెట్టినా, ఏమీ లేకపోయినా పాజిటివ్ రావచ్చు. గర్భస్రావం తర్వాత రాసే టార్చ్ ప్యానెల్‌లో (గర్భానికి హాని చేసే కొన్ని ఇన్ఫెక్షన్ల రక్తపరీక్షల గుంపు) ఈ గీత చూసి ఏడ్చే దంపతులు మన దగ్గర తక్కువేం కాదు. గర్భం నిలవకపోవడానికి కారణం వెతకడంలో ఆ గీతకు విలువ లేదు.
- హెచ్‌ఎస్‌వి-1 ఐజీజీ (తర్వాత తయారై ఒంట్లో నిలిచిపోయే యాంటీబాడీ) పాజిటివ్: మనలో ఎక్కువమందికి ఇలాగే వస్తుంది. వైరస్ నోటి దగ్గరుందో కింద ఉందో ఇది చెప్పదు.
- హెచ్‌ఎస్‌వి-2 ఐజీజీ పాజిటివ్: పక్కన ఉన్న ఇండెక్స్ అంకె చూడండి. 3 లోపు ఉంటే తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశం బాగా ఉంది. వేరే పద్ధతిలో ఇంకో పరీక్ష చేయించకుండా నమ్మకండి.
- నెగెటివ్: కలయిక జరిగి 12 వారాలు దాటకపోతే ఈ ఫలితం ఖాయం కాదు.

ఏ లక్షణమూ లేకుండా, ఊరికే "ఒకసారి చూద్దాం" అని హెర్పిస్ రక్తపరీక్ష చేయించుకోవద్దన్నదే మా సలహా.

## 4. మొదటిసారి వచ్చినప్పుడు

సోకిన 2 నుంచి 12 రోజుల్లో బయటపడవచ్చు. మొదటిసారే అన్నిటికన్నా గట్టిగా వస్తుంది. జ్వరం, ఒళ్లునొప్పులు, గజ్జల్లో బిళ్లలు కట్టడం ఉంటాయి. మందు లేకపోతే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

మర్మాంగాల హెర్పిస్‌కు డాక్టర్లు రాసే కోర్సులు (వీటిలో ఏదో ఒకటి, 7 నుంచి 10 రోజులు):

- ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. రోజుకు 3 సార్లు
- వాలసైక్లోవిర్ 1 గ్రాము రోజుకు 2 సార్లు
- ఫామ్‌సైక్లోవిర్ 250 మి.గ్రా. రోజుకు 3 సార్లు

మూడింటి పనితనం దాదాపు ఒకటే. ఎసైక్లోవిర్ చవక. వాలసైక్లోవిర్‌కు ధర ఎక్కువైనా పూటలు తక్కువ, మరిచిపోయే అవకాశం తక్కువ. 72 గంటలు దాటినా కొత్త పొక్కులు ఇంకా లేస్తుంటే మాత్ర వృథా కాదు. పది రోజులకూ మానకపోతే కోర్సు పొడిగిస్తారు.

మాత్రలు వాడినన్నాళ్లూ నీళ్లు బాగా తాగాలి, రోజుకు రెండు మూడు లీటర్లు. ఈ మందు మూత్రపిండాల్లో పేరుకోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు మోతాదు తగ్గించాలి కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమన్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బదులు పారాసిటమాల్ 650 మి.గ్రా. చాలు, ఆరు గంటలకొకటి, రోజుకు 4కు మించకుండా.

నొప్పి తగ్గడానికి ఇంట్లో చేయాల్సినవి:

1. అరలీటరు గోరువెచ్చని నీళ్లకు ఒక చెంచా ఉప్పు. ఆ లెక్కన శుభ్రమైన వెడల్పు టబ్బులో నీళ్లు పోసి 10–15 నిమిషాలు కూర్చోండి, రోజుకు రెండు మూడుసార్లు.
2. తుడవకండి, మెత్తటి గుడ్డతో అద్దండి. ఆ గుడ్డ ఎండలో ఆరేయండి.
3. మూత్రం మంటగా ఉంటే పోసేటప్పుడే మగ్గుతో నీళ్లు పోసుకోండి, లేదా టబ్బు నీళ్లలో కూర్చునే పోయండి. మంటకు భయపడి నీళ్లు తాగడం మానేస్తే మూత్రం చిక్కబడి మంట రెట్టింపవుతుంది.
4. మరీ భరించలేకపోతే మూత్రానికి ఐదు నిమిషాల ముందు 2 శాతం లిడోకెయిన్ జెల్ పలచగా రాయండి.
5. వదులు నూలు లోదుస్తులు వేసుకోండి. బిగుతు జీన్స్, ప్యాడ్ రుద్దుకోవడం పుండును ఆరనివ్వవు.
6. పొక్కును తాకితే వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోండి. ముఖ్యంగా కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునే ముందు. లెన్స్‌ను ఉమ్మితో తడపడం అసలే వద్దు.

## 5. మళ్లీ వచ్చినప్పుడు: మొదటి 24 గంటలు

తిరగబెట్టినవి చిన్నగా ఉంటాయి, 5 నుంచి 10 రోజుల్లో మానతాయి. ఇక్కడ చాలామంది ఓడిపోయేది మందు వల్ల కాదు, ఆలస్యం వల్ల. శుక్రవారం రాత్రి జివ్వుమంటుంది, సోమవారం డాక్టరు దొరుకుతారు, అప్పటికి పుండు సగం మానే ఉంటుంది. అందుకని ఒక కోర్సు మాత్రలు ముందే రాయించుకుని ఇంట్లో పెట్టుకోవాలి. ఊరికి వెళ్లేటప్పుడు బ్యాగులోనూ ఉండాలి. ఆరు నెలలకోసారి గడువు తేదీ చూసుకోండి.

జివ్వుమన్న వెంటనే, పొక్కు కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టాలి. మర్మాంగాల దగ్గరైతే వీటిలో ఒకటి:

- ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకు 3 సార్లు, 2 రోజులు
- ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకు 2 సార్లు, 5 రోజులు
- వాలసైక్లోవిర్ 500 మి.గ్రా. రోజుకు 2 సార్లు, 3 రోజులు

పెదవి మీదైతే వాలసైక్లోవిర్ 2 గ్రాములు ఇప్పుడు, సరిగ్గా 12 గంటలకు మరో 2 గ్రాములు. అంతటితో కోర్సు అయిపోయింది. పొక్కు పగిలాక ఈ ఒక్కరోజు మోతాదు వేసుకుంటే పెద్దగా లాభం లేదు.

క్రీము సంగతి. 5 శాతం ఎసైక్లోవిర్ క్రీము రోజుకు 5 సార్లు, 4–5 రోజులు పూస్తే పెదవి పొక్కు అర రోజో ఒక రోజో ముందు మానుతుంది. అంతకు మించి ఆశించకండి. మర్మాంగాల హెర్పిస్‌కు ఆ క్రీముతో ఉపయోగం ఉందని చెప్పుకోదగ్గదేమీ లేదు, మాత్రే వాడాలి.

రేపేవి ఏమిటో ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటాయి. జ్వరం, నెలసరి, నిద్రలేమి, పళ్ల చికిత్స మామూలుగా వినిపించేవి. పెదవి హెర్పిస్‌కు ఎండ పెద్ద శత్రువు. రోహిణి కార్తెలో పొలంలో, బండి మీద తిరిగేవాళ్లకు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్, తల మీద టవలు, వెడల్పు అంచు టోపీ నిజంగా పనిచేస్తాయి. బామ్ రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఫోన్‌లోనే చిన్న పట్టిక పెట్టుకోండి: తేదీ, మొదట ఏం అనిపించింది, ముందు రెండు రోజుల్లో ఏం జరిగింది, మాత్ర ఎన్ని గంటలకు వేశారు, ఎన్నాళ్లకు మానింది. 10వ విభాగంలో చెప్పే రోజువారీ మాత్ర నిర్ణయం దీన్ని బట్టే ఉంటుంది.

## 6. తరచుగా జరిగే పొరపాట్లు

దురద మలాము పూయడం. స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు మన షాపుల్లో అడగ్గానే ఇస్తారు. పేరులో బీటామెథసోన్, క్లోబెటసాల్ ఉంటే హెర్పిస్ మీద పూయకండి. ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల పుండు పాకుతుంది. ఇప్పటికే పూశారా? ఆపేసి, ఆ ట్యూబు కూడా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పొక్కు చిదమడం, సున్నం, టూత్‌పేస్ట్, ఎర్రమన్ను, వెల్లుల్లి రసం పెట్టడం. వెల్లుల్లి, సున్నం చర్మాన్ని కాలుస్తాయి. తర్వాత ఏది హెర్పిస్ పుండో ఏది కాలిన పుండో డాక్టరుకూ తెలియదు.

అనవసరమైన పథ్యం. వంకాయ, గోంగూర, చికెన్ మానేస్తే పొక్కు త్వరగా మానదు. ఈ వైరస్‌కూ వంకాయకూ ఏ తగాదా లేదు. నోట్లో పుండ్లుంటే పులుపు, కారం మండుతాయి కాబట్టి తగ్గించండి, అంతే. లైసిన్ (ఒక అమైనో ఆమ్లం) మాత్రలకు గట్టి ఆధారం లేదు.

పొక్కులున్నప్పుడు గీసుకోవడం. రేజర్ వైరస్‌ను ఆ చుట్టూ విత్తుతుంది. మానేదాకా ఆ భాగంలో, గడ్డమైనా సరే, బ్లేడు పెట్టకండి.

యాంటీబయాటిక్ కోర్సులు. వైరస్‌కు అవి పనిచేయవు. చీము, చుట్టూ వేడిగా వాపు ఉంటేనే డాక్టరు రాస్తారు.

"మందు పనిచేయడం మానేసింది" అనుకోవడం. రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్నవాళ్లలో ఎసైక్లోవిర్‌కు లొంగని వైరస్ చాలా అరుదు. మాత్ర ఆలస్యంగా మొదలుపెట్టడం, మోతాదు తక్కువ కావడం, అసలది హెర్పిస్ కాకపోవడం, ఈ మూడూ ముందు చూడాలి.

## 7. చిన్నపిల్లల నోటి పుండ్లు

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 1వ రకం మొదటిసారి సోకినప్పుడు గట్టి జ్వరం, చిగుళ్లు ఉబ్బి రక్తం కారడం, నోటి ముందు భాగంలో, పెదవుల మీద పుండ్లు, చొంగ కారడం కనిపిస్తాయి. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా పొక్కులుంటే అది వేరే జబ్బు, చేయి-కాలు-నోటి వ్యాధి.

ఇక్కడ అసలు ప్రమాదం నొప్పికి బిడ్డ ఏమీ తాగకపోవడం.

- చల్లటి మజ్జిగ, రాగి జావ చల్లార్చి, పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టండి. పళ్లరసాలు, టొమాటో చారు మండుతాయి.
- ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్లలో కలిపి, చెంచాతో ఐదు నిమిషాలకోసారి పట్టండి.
- పారాసిటమాల్ కిలో బరువుకు 15 మి.గ్రా. చొప్పున తాగించి, అరగంట ఆగి తిండి పెట్టండి. ఆస్పిరిన్ వద్దు.
- 72 గంటల్లోపు చూపిస్తే పిల్లల డాక్టరు ఎసైక్లోవిర్ సిరప్ రాయవచ్చు.
- 8 గంటలు మూత్రం పోయకపోతే, ఏడిస్తే కన్నీళ్లు రాకపోతే ఆస్పత్రికి వెళ్లండి.

10–14 రోజుల్లో తగ్గుతుంది. అప్పటిదాకా బిడ్డ ఎంగిలి గ్లాసు, చెంచా, బొమ్మలు వేరే పిల్లలకు ఇవ్వకండి.

## 8. గర్భం, పసిబిడ్డ

ముందునుంచే హెర్పిస్ ఉన్న తల్లి నుంచి కాన్పులో బిడ్డకు సోకే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. తల్లి దగ్గర తయారైన యాంటీబాడీలు బిడ్డకు రక్ష. చివరి నెలల్లో తల్లికి కొత్తగా సోకితే మాత్రం ప్రమాదం నూటికి 30 నుంచి 50 దాకా వెళ్తుంది.

కాబట్టి:

- పాతదైనా సరే, మొదటి చెకప్‌లోనే గైనకాలజిస్టుకు చెప్పండి. భర్తకు ఉంటే అదీ చెప్పండి.
- 36 వారాల నుంచి కాన్పు దాకా ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. రోజుకు 3 సార్లు ఇస్తారు. అప్పుడు పొక్కులు రాకుండా ఉంటే మామూలు కాన్పుకు అడ్డు లేదు.
- నొప్పులు మొదలైనప్పుడు పొక్కులున్నా, జివ్వుమంటున్నా వెంటనే చెప్పాలి. అప్పుడు సిజేరియన్ చేస్తారు.
- భర్తకు ఉండి భార్యకు లేకపోతే చివరి మూడు నెలలు కలయిక, ముఖరతి మానేయడమే మంచిది.

పురిటింట్లో, బారసాలలో బంధువుల ముద్దులు ఇంకో దారి. పెదవి మీద పొక్కు ఉన్నవాళ్లు ఎంత దగ్గరి చుట్టమైనా బిడ్డను ముద్దుపెట్టుకోకూడదు. "అత్తయ్యా, డాక్టరమ్మ మూడు నెలల దాకా బిడ్డకు ముద్దులొద్దందండీ" అని డాక్టరు మీద పెట్టేయండి, గొడవ ఉండదు. తల్లి పెదవి మీదే పొక్కుంటే మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చు. రొమ్ము మీద పొక్కు ఉంటే ఆ వైపు పాలివ్వకూడదు.

## 9. భాగస్వామికి చెప్పడం, అంటకుండా చూసుకోవడం

బాత్‌రూమ్ కమోడ్, బకెట్, స్విమ్మింగ్ పూల్ ద్వారా ఇది అంటదు. ఎక్కువగా చర్మం చర్మానికి తాకితేనే అంటుతుంది. ఇబ్బంది ఏమిటంటే, పొక్కు లేని రోజుల్లో కూడా వైరస్ అప్పుడప్పుడు చర్మం మీదికి వస్తుంది. చాలామందికి అంటినది అలాంటి రోజుల్లోనే.

చేయగలిగినవి:

1. జివ్వుమన్నప్పటి నుంచి చర్మం పూర్తిగా మూసుకునేదాకా కలయిక వద్దు. కండోమ్‌తో కూడా వద్దు. పెదవి పొక్కుంటే ముద్దులు, ముఖరతి వద్దు.
2. మిగతా రోజుల్లో కండోమ్. ప్రమాదం తగ్గిస్తుంది, అది కప్పని చర్మం నుంచి అంటవచ్చు కాబట్టి పూర్తిగా ఆపదు.
3. 2వ రకం ఉన్నవాళ్లు రోజూ వాలసైక్లోవిర్ 500 మి.గ్రా. వేసుకుంటే భాగస్వామికి అంటడం దాదాపు సగం తగ్గుతుంది.

పెళ్లయి పదేళ్లకు భార్యకో భర్తకో మొదటిసారి పొక్కు కనిపిస్తే ఇంట్లో మొదటి ప్రశ్న "ఎవరి దగ్గర అంటించుకున్నావ్?" అనే వస్తుంది. వైరస్ ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండి ఇప్పుడు బయటపడవచ్చు. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. ఆ పంచాయితీ పెట్టేముందు ఇద్దరూ కలిసి ఒకే డాక్టరు దగ్గర కూర్చోండి.

సంబంధం కుదిరే దశలో ఉన్నవాళ్లు పెద్దల ముందు చెప్పనక్కర్లేదు. కానీ తొలి కలయికకు ముందే ఆ మనిషికి నేరుగా చెప్పాలి. మాటలు తక్కువగా ఉంటే మేలు: "మీకో ఆరోగ్య విషయం చెప్పాలి. నాకు హెర్పిస్ ఉంది. ఏడాదికి రెండుసార్లు పొక్కులు వస్తాయి, మాత్రలతో తగ్గుతాయి. మీకు అంటకుండా ఏం చేయాలో డాక్టరును అడిగాను. కావాలంటే మీరూ వచ్చి మాట్లాడండి."

## 10. రోజూ మాత్ర ఎవరికి

ఏడాదికి ఆరుసార్లకు పైగా వస్తున్నా, తక్కువే వచ్చినా ప్రతిసారీ మంచం పట్టిస్తున్నా, భాగస్వామికి అంటుతుందన్న దిగులున్నా రోజువారీ మాత్ర గురించి డాక్టరును అడగండి. మామూలుగా ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. రోజుకు 2 సార్లు, లేదా వాలసైక్లోవిర్ 500 మి.గ్రా. ఒకసారి ఇస్తారు. ఏడాదికి పదిసార్లు దాటితే 500 చాలకపోవచ్చు, 1 గ్రాముకు పెంచుతారు.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

- స్వాబ్‌తో హెర్పిస్ అని ఒక్కసారైనా తేలిందా?
- క్రియాటినిన్ చూపించారా?
- నెలకు ఖర్చు లెక్కేశారా? బ్రాండ్ బదులు జెనరిక్ అడిగారా?
- రోజూ ఒకే వేళకు వేసుకోవడం కుదురుతుందా?

ఏళ్ల తరబడి వాడినా సాధారణంగా హాని లేదు. అయినా ఏడాదికోసారి ఆపి చూడటం ఆనవాయితీ, ఎందుకంటే చాలామందిలో కాలం గడిచేకొద్దీ పొక్కులు వాటంతట అవే తగ్గుతాయి. ఆపాక మొదటి పొక్కు రాగానే భయపడి మళ్లీ మొదలుపెట్టకండి. అది కాస్త గట్టిగానే రావచ్చు. 5వ విభాగంలోని చిన్న కోర్సుతో దాన్ని దాటించి, రెండోది ఎన్నాళ్లకు వచ్చిందో పట్టికలో రాయండి. ఆ రెండు తేదీల మధ్య ఎడం చూసి డాక్టరు మళ్లీ రోజూ మాత్ర కావాలో వద్దో చెబుతారు.